దిగని బీజం

డాక్టర్ సుబ్రహ్మణ్యం రెండు అరచేతులూ గట్టిగా రుద్దుకున్నాడు. వెచ్చబడ్డాయో లేదో తన చెంపకు ఆనించి చూసుకుని, అప్పుడు పిల్లవాడి దగ్గరికి జరిగాడు.

"చల్లటి చెయ్యి తగిలిందంటే ఉన్నది కూడా పైకి పోయి దాక్కుంటుంది," అన్నాడు.

ఐదేళ్ళ ప్రణీత్ బల్ల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఒంటి మీద చొక్కా తప్ప ఏమీ లేదు. సిగ్గుపడుతూ తల్లి వైపు చూస్తున్నాడు. దుర్గాభవాని వాడి నిక్కరును మడత మీద మడత పెడుతూ చేతుల్లోనే ఉంచుకుంది. అత్త వెంకటనర్సమ్మ గోడకు ఆనుకుని నిలబడింది.

డాక్టరు వేలి వెనక భాగంతో పిల్లవాడి ఎడమ తొడ లోపలి వైపు మెల్లగా గీశాడు. ఎడమ పక్క బీజం చటుక్కున పైకి కదిలింది. చక్కిలిగింత పుట్టి ప్రణీత్ నవ్వాడు. కాసేపటికి అది నెమ్మదిగా తన చోటికి దిగింది.

"చూశావా అమ్మా? అక్కడొక సన్నటి కండరం ఉంటుంది. చలేసినా, భయమేసినా అది బీజాన్ని పైకి లాగుతుంది. వెచ్చగా ఉంటే కిందికి వదులుతుంది. ఒంటి వేడి దానికి పడదు. అందుకే అది కడుపులో కాకుండా బయట సంచిలో ఉంటుంది. ఎడమ వైపు అంతా సరిగ్గా ఉంది."

కుడి వైపు సంచి ముడుచుకుపోయి చదునుగా ఉంది. డాక్టరు తుంటి ఎముక దగ్గర వేళ్ళు పెట్టి గజ్జ వెంబడి కిందికి నెట్టుకుంటూ వచ్చాడు. ఒకచోట ఆగాడు. దుర్గాభవాని చూపుడు వేలు పట్టుకుని అక్కడ పెట్టించాడు. చర్మం కింద నానిన శనగగింజంత మెత్తటిదేదో వేలికి తగిలి పక్కకు జారింది.

"మా గల్లీ ఆరెంపీ డాక్టరు గోరువెచ్చ నీళ్ళల్ల కూసోబెట్టుమన్నడు సార్," అంది దుర్గాభవాని. "చలికి మీదికి పోయింది, వేడికి దిగుతదన్నడు. రెండేండ్ల సంది పొద్దుమీకి టబ్బుల కూసోబెడుతనే ఉన్న."

డాక్టరు పిల్లవాడి చొక్కా కిందికి లాగాడు.

"కండరం లాగినదైతే దిగి వచ్చేదమ్మా. ఇది అసలు ఒక్కసారి కూడా దిగలేదు. తల్లి కడుపులో ఉన్నప్పుడు ఇవి బిడ్డ పొట్టలో పుడతాయి. పుట్టే వేళకు మెల్లగా గజ్జ దారిన కిందికి వస్తాయి. కొందరిలో దారిలోనే ఆగిపోతాయి. బాబు నెలలు నిండకుండా పుట్టాడా?"

"ఎనిమిదో నెల. కిలోన్నర ఉండె."

"అదొక కారణం కావచ్చు. హార్మోన్లు సరిగ్గా అందకపోయినా అవుతుంది. కొన్ని కుటుంబాల్లో ఒకరికి ఉంటే ఇంకొకరికీ ఉంటుంది. చాలామందిలో ఫలానా కారణమని చెప్పలేం."

"కారణం నేను జెప్త సార్." వెంకటనర్సమ్మ గోడ వదిలి ముందుకు వచ్చింది. "ఇది కడుపుతోని ఉండి గూడ మల్లాపూర్ కంపెనీల మిషను కాడ పని జేసింది. ప్లాస్టిక్ కరిగే మిషను. వద్దంటే ఇన్లే. ఆ వేడికే పిలగానిది ఎండుకపోయింది."

"మిషను వేడికి ఇది రాదమ్మా," డాక్టరు కాగితం మీద రాస్తూనే అన్నాడు. "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లా ఉందా? బాబు నాన్నకు గానీ, నాన్న అన్నదమ్ములకు గానీ..."

"లేదు సార్. మా ఇంట్ల ఎవ్వలకు లేదు."

ప్రశ్న పూర్తి కాకముందే అనేసింది వెంకటనర్సమ్మ. డాక్టరు ఒకసారి తలెత్తి ఆమెను చూసి మళ్ళీ రాసుకున్నాడు. ఏడాది, ఏడాదిన్నర లోపల చేయాల్సిన ఆపరేషను ఇది, ఇప్పటికే ఆలస్యమైంది, ఇంకా ఆలస్యం చేస్తే లోపలి వేడికి బీజం పాడవుతుంది, గురువారం చేద్దాం అన్నాడు.

ఉప్పల్ బస్సులో వెంకటనర్సమ్మ పక్క సీటావిడకు కూడా మిషను సంగతి చెప్పింది. ఆవిడ దుర్గాభవాని వైపు తిరిగి "గట్ల పొయ్యి కాడ గూడ ఎక్కువసేపు ఉండొద్దంటరు కడుపుతోని ఉన్నప్పుడు," అంది. దుర్గాభవాని నిద్రపోతున్న పిల్లవాడి తల సర్దుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. రింగు రోడ్డు దగ్గర మెట్రో స్తంభాల కోసం తవ్విన గుంతల పక్కన బస్సు చాలాసేపు ఆగింది.

ఆ సాయంత్రం నాచారంలో వాళ్ళ రెండు గదుల ఇంటి ముందు ఉపేందర్ ఆటో వచ్చి ఆగింది. ప్రణీత్ "పెద్దబాపూ" అంటూ ఉరికి వెళ్ళి హ్యాండిల్ పట్టుకున్నాడు. ఉపేందర్ దుర్గాభవాని భర్తకు అన్న. వాకిలి అవతలి గదిలో ఒక్కడే ఉంటాడు, భోజనం మాత్రం వీళ్ళతోనే. ముప్పై ఐదేళ్ళ మనిషి, మాట తక్కువ. ఉడకబెట్టిన పల్లీల పొట్లం పిల్లవాడి చేతిలో పెట్టి గడప మీద కూర్చున్నాడు.

"కోస్తరా?" అన్నాడు.

"కోస్తరట బావా. గురువారం."

అతని చెయ్యి పిల్లవాడి తల మీద ఆగిపోయింది. "రెండు దిక్కులనా, ఒక్క దిక్కేనా?"

"కుడి దిక్కు ఒక్కటే."

"ఒక్కటే గదా," అన్నాడు ఉపేందర్. ఆ మాట అనేసి పిల్లవాణ్ణి ఒళ్ళోకి లాక్కుని పల్లీలు ఒలిచి పెట్టసాగాడు.

వెంకటనర్సమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. "ఆదివారం పిల్ల నాయిన పోశయ్యోల్లు ఉపేందర్ వరపూజకు వస్తరు. ఇల్లు సుద్రాయించాలె, సామాన్లు తేవాలె. ఆపరేషను వచ్చే నెల పెట్టుకుంటే మునుగుతదా?"

దుర్గాభవాని నోరు తెరిచేలోపలే ఉపేందర్ అన్నాడు. "వద్దమ్మా. పిలగాని పని ఆపొద్దు. గురువారమే కానీ."

రాత్రి వంట మొదలుపెట్టే వేళకు భర్త దయాకర్ లేతు షాపు నుంచి వచ్చాడు. చేతుల నూనె బట్టల సబ్బుతో తోముకుంటూ డాక్టరు చెప్పిందంతా విన్నాడు. అంతా విని, "అప్పుడా మిషను పని ఇడిసిపెడితే అయిపోవు," అన్నాడు. గట్టిగా ఏం అనలేదు, తిట్టలేదు. దుర్గాభవాని పిండి పిసుకుతున్న పళ్ళెంలోకి ఇంకో చెంబు నీళ్ళు పోసి, పిండి పలచబడిందని ఆలస్యంగా గమనించింది.

మర్నాడు ఆమె ఎప్పటిలాగే మల్లాపూర్ వెళ్ళింది. మిషను తలుపు తెరుచుకున్నప్పుడల్లా ప్లాస్టిక్ కాడకు రెండు వైపులా ఎనిమిది సీసా మూతలు వేలాడుతూ వచ్చి పళ్ళెంలో పడతాయి. వేడి తగ్గకముందే మూతల్ని మెలితిప్పి కాడ నుంచి విడదీయాలి. అంచున మిగిలిన పొరను బ్లేడుతో గీకి మూతల్ని డబ్బాలో, కాడను తుక్కు డ్రమ్ములో వేయాలి. ఈలోపు తలుపు మళ్ళీ తెరుచుకుంటుంది. ఆరేళ్ళుగా చేస్తూ చేస్తూ ఆమె వేళ్ళ కొసలకు వేడి తెలియకుండా పోయింది.

"నువ్వు గూడ ఈడనే గదా ఇద్దర్ని కన్నవు," అంది పక్క మిషను మీదున్న విక్టోరియాతో. "తొమ్మిదో నెల దాక చేసినవు."

"చేసిన. ఏమాయె?"

"బ్లెస్సన్ మంచిగనే ఉన్నడు గదా? అన్నీ...?"

విక్టోరియా బ్లేడు ఆపి ఆమె ముఖంలోకి చూసింది. ఆమె పెద్ద కొడుకు బ్లెస్సన్ ప్రణీత్ కంటే ఏడాది పెద్ద. "మంచిగనే ఉన్నడు. పుట్టినప్పుడే సూసిన్రు. నీ పక్క మిషనే గదా నాది, వేడి నీకు ఎక్కువ, నాకు తక్కువ తగిలిందా?"

దుర్గాభవానికి ఏడుపు వచ్చింది. మిషను తలుపు తెరుచుకోవడంతో వంగి మూతలు అందుకుంది.

మధ్యాహ్నం డబ్బాలు విప్పినప్పుడు విక్టోరియా అంది, "మీ పద్మశ్రీ రామంతాపూర్ ల మా చర్చి సందులనే ఉంటున్నది. నైటీలు కుడుతది. పిలగాని సంగతి చెప్పాలెనా?"

పద్మశ్రీ ఉపేందర్ భార్య. కడుపు పండలేదని పద్నాలుగు నెలల కింద పెద్దమనుషుల ముందు కాగితం రాయించుకుని పంపేసిన మనిషి. దుర్గాభవాని డ్యూటీకి వస్తే ప్రణీత్‌కు మూడేళ్ళు అన్నం తినిపించింది, జోల పాడింది ఆమే.

"చెప్పు," అంది దుర్గాభవాని.

గురువారం పొద్దున తొమ్మిదిన్నరకు పిల్లవాణ్ణి లోపలికి తీసుకుపోయారు. తలుపు మూసుకునేదాకా వాడు ఏడవలేదు. మూసుకున్నాక ఏడుపు వినబడింది, కాసేపటికి అదీ ఆగింది. దయాకర్ మందుల చీటీ పట్టుకుని కిందికి పోయాడు. అత్తాకోడళ్ళిద్దరూ వరండాలో నేల మీద కూర్చున్నారు.

గంట గడిచింది. వెంకటనర్సమ్మ కొంగు కొస చుడుతూ విప్పుతూ ఉంది. ఇంకెవరి పిల్లనో స్ట్రెచర్ మీద తోసుకుంటూ పోయారు. ఆ పిల్ల ముక్కుకు గొట్టం ఉంది. అది చూసి వెంకటనర్సమ్మ చెయ్యి ఆగింది.

"దుర్గా," అంది.

ఆమె పేరు పెట్టి పిలవడం తక్కువ. దుర్గాభవాని తల తిప్పింది.

"మా ఉపేందర్ గానికి గూడ గిట్లనే ఉండె."

దుర్గాభవాని కాళ్ళు ముడుచుకుని ఆమె వైపు జరిగింది.

"రెండు దిక్కుల లేకుండె. మంత్రసాని సూసి, పెద్దగైతే దిగుతయన్నది. ఎవ్వలకు జెప్పకు, పిలగానికి పేరు పడుతదని వాళ్ళ నాయిన అన్నడు. ఆయన పాయె. నేను మళ్ళ సూడలే. పెద్దగైన పిలగాన్ని ఎట్ల సూస్త?" ఆమె మూసిన తలుపు వైపు చూసింది. "గది మా రక్తంలనే ఉన్నదో ఏమో. వీనికేమన్న అయితదా?"

"డాక్టర్ అడిగితే లేదంటివి గదా."

"నోట్లకెల్లి గదే వచ్చింది."

"పద్మక్కను గొడ్రాలంటివి గద అత్తమ్మా."

వెంకటనర్సమ్మ కొంగు కొసను పిడికిట్లో బిగించింది. "అప్పుడు గది యాదికి రాలే," అంది. తర్వాత గొంతు ఇంకా తగ్గించి, "వచ్చింది. వచ్చినా పక్కకు వెట్టిన," అంది.

దుర్గాభవాని లేచి తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడింది. తిట్టడానికి నోరు రాలేదు. తన కొడుకు అవతల స్పృహ లేకుండా పడుకుని ఉన్నాడు, తనకు తోడున్నది ఆ ముసలామె ఒక్కతే.

పదకొండింటికి డాక్టర్ సుబ్రహ్మణ్యం బయటికి వచ్చాడు. నోటి గుడ్డ కిందికి లాగి, "అయిపోయిందమ్మా. గజ్జలోంచి కిందికి తెచ్చి సంచిలో కుట్టేశాం," అన్నాడు. "కొంచెం చిన్నగా ఉంది, కానీ పనికొచ్చేదే. ఎడమది ఎట్లాగూ బాగుంది. రేపటి రోజున పిల్లలకు పెద్దగా ఇబ్బంది ఉండదు."

వెంకటనర్సమ్మ రెండు చేతులూ ఎత్తి మొక్కింది. దుర్గాభవాని డాక్టరు వెనకే నాలుగడుగులు నడిచింది.

"సార్, రెండు దిక్కుల దిగకుండ గట్లనే పెద్దగైతే?"

డాక్టరు ఆగాడు. "ఎవరు?"

"మా బావ. ముప్పై ఐదేండ్లు."

"పిల్లలు లేరు కదా?"

"లేరు."

"పుట్టడం చాలా కష్టమే ఇక," అన్నాడు ఆయన. "అయినా తీసుకురండి. అట్లా లోపల ఉండిపోయిన వాటికి గడ్డలు వచ్చే ప్రమాదం ఉంటుంది. అందుకోసమైనా చూడాలి. ఇంకొక మాట చెప్పు. దీనికీ మగతనానికీ సంబంధం లేదని. సిగ్గుపడి చాలామంది రారు."

శుక్రవారం మధ్యాహ్నం పద్మశ్రీ ఆసుపత్రికి వచ్చింది. చిక్కిపోయింది. చేతిసంచిలోంచి రెండు వదులు గౌన్లు తీసి మంచం మీద పెట్టింది. మెత్తటి నూలుబట్ట, నడుముకు బిగుతు లేకుండా కుట్టింది. "నిక్కరేస్తే రబ్బరు కుట్టుకు ఒరుస్తది," అంది. ప్రణీత్ ఆమె మెడ చుట్టూ చేతులు వేసి వదల్లేదు. కుట్టు కదులుతుందని ఆమె అలాగే మంచం మీదికి వంగి, నడుం నొప్పి పుట్టేదాకా ఉండిపోయింది. వెంకటనర్సమ్మ ఆమెను చూసి, కింద పంపు దగ్గర నీళ్ళు పట్టుకొస్తానని వెళ్ళింది. గంట దాకా తిరిగి రాలేదు.

పిల్లవాడు నిద్రపోయాక ఇద్దరూ వరండాలోకి వచ్చారు.

"అక్కా, నీకొక మాట జెప్పాలె. బావకు..."

"ఎరుకే," అంది పద్మశ్రీ.

ఆమె ఖాళీ టిఫిను డబ్బా మూతను కొంగుతో తుడుస్తోంది. తుడుస్తూనే చెప్పింది.

"పెండ్లైన మూడో ఏడు. బతిమిలాడి ఉప్పల్ ల లేబుకు తోలుకపోయిన. తెల్లారి రిపోర్టుకు పోతే ఆయన గేటు కాడనే ఆగిండు. నేనే లోపలికి పోయి తెచ్చిన. చదివి చెప్పు బిడ్డా అంటే ఆడున్న పిల్ల చెప్పింది, పిల్లలయ్యే కణాలు ఒక్కటి గూడ లేవు అని."

"బావకు జెప్పినవా?"

"ఆటోల కూసున్నంక చెప్పిన. జర దూరం పోయి బండి పక్కకు ఆపిండు. దిగొచ్చి నా కాళ్ళు పట్టుకున్నడు, అంత రోడ్డు మీద. అమ్మకు చెప్పకు అన్నడు. చెప్పలే."

దుర్గాభవాని వరండా కడ్డీ పట్టుకుంది. పల్లీలు ఒలిచి పెట్టే చేతులు, మాట తక్కువ మనిషి. తల్లి దాచిందనీ, పిల్లలు కారని కొడుకుకు తెలియదనీ నిన్నటినుంచీ అనుకుంటోంది. ఆయన గురించి జాలిపడుతోంది కూడా.

"పెద్దమనుషులల్ల ఎందుకు చెప్పకపోతివి అక్కా?"

"ఆయన చెప్తడనుకున్న. నడిమిట్ల నన్ను నిలబెట్టి అడుగుతున్నరు, అత్త గొడ్డుమోతుది అనవట్టె. ఆయన దిక్కు సూసిన. నేల దిక్కు సూస్తున్నడు." పద్మశ్రీ డబ్బా మూత బిగించింది. "పిల్లలు లేరని రాలే చెల్లె నేను. పిల్లలు లేకున్నా ఉందును ఆయనతోని."

దుర్గాభవానికి చెప్పక తప్పలేదు. "ఎల్లుండి వరపూజ అక్కా. బీబీనగర్ దిక్కు పిల్ల. ఇరవై రెండేండ్లు."

పద్మశ్రీకి ఆ సంగతి తెలియదని ముఖం చూస్తేనే తెలిసింది. ఆమె కింద ఆవరణలో ఆగి ఉన్న ఆటోల వరసను చూసింది.

"ఆ పిల్లకు చెప్పిన్రా?"

"లేదు."

"నేను నీకు చెప్పు అన, చెప్పకు అన. నువ్వు ఆ ఇంట్ల ఉండేదానివి." సంచి భుజానికి తగిలించుకుంది. మెట్లు దిగిపోయింది.

శనివారం ఇంటికి పంపారు. దయాకర్‌కు డ్యూటీ ఉంది. వెంకటనర్సమ్మ రేపటి పనుల కోసం ముందే వెళ్ళింది. ఉపేందర్ ఆటో తెచ్చాడు. పిల్లవాణ్ణి రెండు చేతుల మీద ఎత్తుకుని మూడంతస్తులు దిగాడు. వెనక సీటు మీద దుప్పటి నాలుగు మడతలు వేసి పరిచాడు. దారి పొడవునా గుంత కనబడితే చాలు, బండి నిలిపి చక్రాన్ని మెల్లగా దించి ఎక్కించాడు. ఎనిమిదో నెలలో నొప్పులు వచ్చిన నాడు కూడా ఇదే ఆటోలో, ఇలాగే తీసుకుపోయాడు దుర్గాభవానిని. ఆ సంగతి మర్చిపోదామన్నా కుదరలేదు.

రింగు రోడ్డు దాటాక ఆమె అంది. "బావా, డాక్టర్ నిన్ను గూడ తోలుకరమ్మన్నడు."

ఎందుకని అతను అడగలేదు. ఆటో మెట్రో పనులకు కట్టిన రేకుల పక్కకు తీసి ఆపాడు.

"అమ్మ చెప్పిందా?"

"అత్తమ్మ చెప్పింది. పద్మక్క గూడ చెప్పింది."

అద్దంలో అతని నుదురు మాత్రమే కనబడుతోంది. వెనక లారీలు హారన్ కొడుతూ పోతున్నాయి.

"ఇప్పుడు కోయిపిచ్చుకుంటే నాక్కూడ...?"

ఆ గొంతులో ఉన్న ఆశ విని దుర్గాభవాని పిల్లవాడి కింది దుప్పటి సర్దింది. "పిల్లలు కష్టమే అన్నడు బావా. గడ్డలు లేస్తయట, అందుకు సూపియ్యాలె అన్నడు. మగతనానికి దీనికి ఏం లేదని గూడ చెప్పుమన్నడు."

ఉపేందర్ ఖాకీ చొక్కా భుజంతో ముఖం తుడుచుకున్నాడు. "రేపటిది ఆపుమంటవా?"

"ఆపుమంటలే. ఆ పిల్లకు చెప్పుమంటున్న."

"చెప్తే ఎవలిస్తరు?"

ప్రణీత్ నిద్రలో మూలిగాడు.

"పద్మ మంచిగున్నదా?" అన్నాడు ఉపేందర్.

"నైటీలు కుడుతున్నది."

అతను ఆటో స్టార్ట్ చేశాడు.

సాయంత్రం దయాకర్‌కు చెప్పింది. అతను సగం విప్పిన చొక్కాతో అలాగే నిలబడిపోయాడు. "అన్న నాకు ఒక్కనాడు గూడ చెప్పలే," అన్నాడు ముందు. తర్వాత అన్నాడు, "రేపు నువ్వు నోరు తెరువకు దుర్గా. మా అన్న బతుకు ఆగమైతది."

"పద్మక్కది గాలేదా?"

దయాకర్ చొక్కా మళ్ళీ తొడుక్కుని బయటికి వెళ్ళాడు.

ఆదివారం పదింటికి పోశయ్య వాళ్ళు ఆరుగురు వచ్చారు. పోశయ్య పోచారంలో ఒక పెద్ద కంపెనీలో తోటపని చేస్తాడు. గోళ్ళ సందుల్లో మట్టి ఎంత కడిగినా పోని మనిషి, ఎవరితోనైనా వంగి మాట్లాడతాడు. వాకిట్లో కిరాయి కుర్చీలు వేశారు. పక్కింటివాళ్ళు ఇద్దరు వచ్చి కూర్చున్నారు. ఉపేందర్ తెల్లచొక్కా వేసుకుని చాప మీద కూర్చున్నాడు. ముందు పళ్ళెంలో కొత్తబట్టలు, కొబ్బరికాయ, పండ్లు, కుంకుమ.

బొట్టు పెట్టడానికి లేచిన పోశయ్య, గుమ్మం లోపల మంచం మీద గౌనుతో పడుకుని ఉన్న ప్రణీత్‌ను చూశాడు. "పిలగానికి ఏమైంది?" అని అడిగాడు.

"చిన్న ఆపరేషను," అంది వెంకటనర్సమ్మ. "బీజం కడుపులనే ఉండిపోయింది. ఏం జేద్దు, వీని తల్లి కడుపుతోని ఉండి మిషను కాడ పని జేసె. ఆ వేడికి గట్లాయె."

వచ్చిన ఆడవాళ్ళు అందరూ దుర్గాభవాని వైపు చూశారు. ఆమె చాయ్ గ్లాసుల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. మొన్న వరండాలో కొంగు పిడికిట్లో పట్టుకుని నిజం చెప్పిన నోరే ఇది.

"వేడి కాదు," అంది దుర్గాభవాని. "కాదని డాక్టర్ చెప్పిండు, అత్తమ్మ ముంగటనే చెప్పిండు. ఇది మా ఇంట్ల ఇంకొకలకు ఉన్నది."

"దుర్గా," అన్నాడు దయాకర్.

"ఎవ్వలకు లేదు," వెంకటనర్సమ్మ నవ్వబోయింది. "దవాఖానల నిద్రలు లేక ఏదో అంటున్నది. నువ్వు కానీ పోశయ్యా."

పోశయ్య కుంకుమ అద్దుకున్న వేలు అలాగే పట్టుకుని ఒకరి తర్వాత ఒకరిని చూశాడు. దుర్గాభవాని ఉపేందర్ వైపు చూసింది. అతను నేల వైపు చూస్తున్నాడు. పద్మశ్రీ ఆ రోజు ఏం చూసిందో ఆమెకు అప్పుడు తెలిసింది. పళ్ళెం నేల మీద పెట్టేసింది. ఇక మాట్లాడదల్చుకోలేదు. మాట్లాడితే అబద్ధాలకోరు అవుతుంది, అంతకంటే ఏమీ కాదు.

"నాకే ఉన్నది, మామా."

ఉపేందర్ తలెత్తలేదు. చాప అల్లికలోకి చూస్తూ, ఒక్కో మాట విడివిడిగా అన్నాడు.

"రెండు దిక్కుల. నాకు పిల్లలు కారు. పద్మది తప్పు లేకుండె. నాకు ముందుగాల్నే ఎరుక."

వీధిలో కూరగాయల బండివాడు అరుచుకుంటూ పోయాడు. పోశయ్య వేలి మీది కుంకుమను తన తువ్వాలు అంచుకు తుడుచుకున్నాడు. కూర్చుని మంచినీళ్ళు అడిగాడు. దుర్గాభవాని తెచ్చి ఇస్తే నిదానంగా తాగాడు.

"చెప్పినవు, మంచిగైంది," అన్నాడు. "మొదలే చెప్తే ఇంకా మంచిగుండు బిడ్డా. మా పిల్ల నిన్న చేతులకు గోరింటాకు పెట్టుకున్నది."

బట్టల మూట చంకలో పెట్టుకున్నాడు. పండ్లు మాత్రం తీసి లోపల ప్రణీత్ మంచం మీద పెట్టి, తన వాళ్ళతో వెళ్ళిపోయాడు.

వెంకటనర్సమ్మ వంటింట్లోకి పోయి గోడ వైపు తిరిగి కూర్చుంది. "నా కొడుకు నోటితోనే చెప్పిపిచ్చినవు," అని ఒక్క మాట అంది కోడలితో. దయాకర్ కిరాయి కుర్చీలు ఒక్కొక్కటీ మడిచి గోడకు ఆనించాడు. ఉపేందర్ తెల్లచొక్కా విప్పేసి చాలాసేపు తన గదిలోనే ఉన్నాడు. నాలుగింటికి వచ్చి గుమ్మంలో నిలబడి అడిగాడు.

"రేపు దవాఖానల ఎన్నింటికి చీటీ ఇస్తరు?"

"ఎనిమిదింటికి. నేనొస్త బావా."

అతను తలూపి వెళ్ళాడు.

దుర్గాభవాని వాకిలి దాటి గల్లీ చివరి దాకా నడిచి, విక్టోరియా ఇచ్చిన నంబరుకు ఫోన్ చేసింది. పద్మశ్రీ ఎత్తింది. ఆదివారమైనా కుట్టుమిషను చప్పుడు వినబడుతోంది.

"అక్కా, బావ చెప్పిండు. అందరి ముంగట."

మిషను ఆగింది.

"నాకే ఉన్నదన్నడు. పద్మది తప్పు లేకుండె అన్నడు. నీ పేరు దీసి చెప్పిండు."

ఫోన్ కట్ అయిందేమోనని దుర్గాభవాని చెవి నుంచి తీసి చూసుకుంది.

"ఎంతమంది ఉన్నరు?" అంది పద్మశ్రీ.

"వాళ్ళు ఆరుగురు. పక్కింటోళ్ళు ఇద్దరు. మేము. పది పన్నెండు మంది దాక."

"నన్ను అన్ననాడు నలభై మంది ఉండిరి."

గొంతులో కోపం లేదు. కుట్టిన నైటీలు లెక్క చెప్పినట్టు చెప్పింది. దుర్గాభవాని గోడకు ఆనుకుని నిలబడింది.

"పిలగాడు ఎట్లున్నడు?" అంది పద్మశ్రీ. "కుట్టు కాడ ఎర్రగైందా?"

"లేదక్కా. మంచిగనే ఉన్నది."

"వారం దాక ఉరకనియ్యకు వాన్ని."

కుట్టుమిషను మళ్ళీ మొదలైంది. పద్మశ్రీ ఇంకేమీ అనలేదు, ఫోనూ పెట్టలేదు. ఆ చప్పుడు వింటూ దుర్గాభవాని అలాగే నిలబడి ఉంది.